పొగ తగలని చిక్కుడు విత్తనాలు

కొత్తగూడెం, 1988
ఉగాది ముందు ఆదివారం, రాత్రి

పొద్దున ఇల్లు దులుపుతూ వంటింటి దూలానికి వేలాడే సొరకాయ బుర్ర దించాను. మా అత్తమ్మ పోయేముందు తన కూతురు సరోజకు ఇచ్చిన చిక్కుడు విత్తనాలు అందులోనే ఉంటాయి. సరోజ ఏటా వాటినే పెరట్లో పెడుతుంది. ఆ రకం బజారులో దొరకదు. బుర్ర వంచితే పిండి రాలింది. ప్రతి గింజకూ పురుగు చిల్లు.

సరోజ చీపురు పడేసింది. “కట్టెల పొయ్యి ఉన్నప్పుడు పొగ తగిలి పురుగు పట్టకపోయేటిది. గ్యాస్ వచ్చినంక పొగ ఏడది? గంత సోయి లేకపాయె నాకు.”

“నాకూ లేదు” అన్నాను.

మధ్యాహ్నమంతా మడి తవ్వి, పేడ ఎరువు కలిపి, పందిరికి గుంజలు పాతాను. గింజ లేకుండా మడి ఎందుకని ఆమె అడగలేదు.

సాయంత్రం తనే అంది. “కారేపల్లి అక్క దగ్గర ఉంటయి. అమ్మ ఇద్దరికీ ఇచ్చింది. ఏ మొఖం పెట్టుకొని అడగాలె? ‘ఇంకా కట్టెల పొయ్యేనా అక్కా, పొగచూరిపోతున్నవ్’ అని దసరాకు నవ్వితి గద.”

“నేను అడుగుతాలే.”

“అవ్, మరిదివి గద, నిన్ను ఇంకింత తిడ్తది.”

ఇద్దరం నవ్వాం. ఆమె నిద్రపోయింది. నాకు పట్టడం లేదు. ఆ దసరా మాటకు వదిన నొచ్చుకుందని తోడల్లుడు చెబితే, వాళ్ళ గ్యాస్ కనెక్షన్ కోసం ఆఫీసులో మాట్లాడింది నేనే. మంజూరైందని విన్నాను. సిలిండర్ ఎప్పుడు వచ్చిందో తెలియదు. సరోజకు ఈ సంగతి చెప్పలేదు.

రేపు మొదటి బస్సుకే కారేపల్లి పోతాను. దిగగానే వాళ్ళ ఇంటి కప్పు మీద పొగ లేస్తోందో లేదో చూడాలి.