ఇరవై ఎనిమిది ముఖాల పటం

గుండీలు, దారాలు, జిప్పులు అమ్ముకుని బతికిన సల్కాయి బెర్తలాన్ అనే నేను, వయసు డెబ్బై ఐదు, తిస్సా నది ఒడ్డున ఈ ఊళ్లోనే పుట్టి ఈ ఊళ్లోనే ముసలివాణ్ణయి, పూర్తి తెలివిలో ఉండి, ఎవరూ బెదిరించకుండా, ఎవరూ బతిమాలకుండా, నా అంతట నేను రాసుకుంటున్న వీలునామా ఇది. ఊపిరితిత్తులు జూన్ దాటడం అనుమానమేనని డాక్టరు అన్నాడు. బుర్ర మీద మాత్రం అతనికి అనుమానం లేదు. ఆ కాగితం దీనికి జతపరిచాను. ఇంతకుముందు రాసినవేవీ ఇక చెల్లవు. చేత్తో రాస్తే సాక్షులు అక్కర్లేదట. నా చేతిరాత నాకే అర్థం కాదు కాబట్టి టైపు మిషన్ మీద కొట్టి ఇద్దరు సాక్షులను పిలుస్తున్నాను.

1. కొట్టు, అందులోని సరుకు, పైన ఉన్న రెండు గదులు నా మేనకోడలు ఎతెల్కాకు సర్వహక్కులతో చెందుతాయి. ఈ వీలునామా అమలు చేసే బాధ్యత కూడా ఆమెదే. జిప్పుల డబ్బాలు ఉత్తరం గోడకు ఆనించకమ్మా, చెమ్మకు పళ్లు తుప్పు పడతాయి. పెళ్లిబట్టలకు గుండీలు కొనడానికి వచ్చినవాళ్లను తొందరపెట్టకు. "మావయ్యా, మీరు మాట్లాడేదాంట్లో సగం అమ్మినా మనం ఎప్పుడో మేడ కట్టేవాళ్లం" అని నువ్వు అనేదానివి. నిజమే. కానీ నేను మాట్లాడాల్సిన మాట ఒకటి ఎప్పుడూ మాట్లాడలేదు, అది నాలుగో అంశంలో ఉంది.

2. గురువారం గురువారం నాకు సూప్ తెచ్చిపెట్టే పక్కింటి ఇల్కమ్మకు గ్యాస్ హీటరు, కిటికీ దగ్గరి కుర్చీ. కుర్చీ నాదని మొహమాటపడకుండా కూర్చోవాలి. ఉప్పు తక్కువని ఏనాడూ చెప్పలేదు, ఇప్పుడు చెబుతున్నాను.

3. కుట్టుపని గెర్గెయ్‌కు ఏమీ లేదు. పంతొమ్మిది వందల యాభైలో సర్కారు నా కొట్టు తీసుకున్న రోజు (చాలా ఏళ్లకు గానీ మళ్లీ చేతికి రాలేదు), సర్కారు మనిషిగా నా బల్ల వెనక కూర్చుని, "కామ్రేడ్, వరుసలో నిలబడండి" అన్నాడు. నేను వరుసలోనే నిలబడ్డాను. అంతే, అయిపోయింది.

4. ఇక అసలు సంగతి. నలభై రెండులో వాణిజ్య కళాశాలలో చదువు ముగించిన మా తరగతి పటం నా దగ్గరుంది. ఒక్కొక్కరి ముఖం కోడిగుడ్డు ఆకారంలో కత్తిరించి, కింద పేరు రాసి, చట్రం కట్టి, ఆ వేసవంతా బజారులో అద్దాల వెనక పెట్టేవాళ్లు. ఇక్కడ అది ఆనవాయితీ. ఈ జూన్ ఏడున, యాభై ఐదేళ్ల కలయిక రోజున, కళాశాల దాన్ని శాశ్వతంగా వరండాలో తగిలిస్తానంటోంది. దాన్ని కళాశాలకు రాసిస్తున్నాను, ఒక షరతు మీద. షరతు తెలియాలంటే నేను చేసిన పని తెలియాలి.

పటం అంటించింది నేను. మా పెదనాన్నకు ఫోటో స్టూడియో ఉండేది, జిగురు పని నాది. ఇరవై ఎనిమిది ముఖాలు అంటించి ఆరబెట్టాక ప్రిన్సిపాలు వచ్చాడు. "ఆ యూదుల పిల్లలిద్దరూ వద్దు. ఖాళీ కనపడకూడదు" అన్నాడు. కెటిల్ ఆవిరి పట్టి ఇద్దరినీ ఊడదీశాను. అది చెప్పింది చెయ్యడం. తర్వాత చేసింది మాత్రం నా సొంతం: కింది రెండు వరుసలూ మొత్తం ఊడదీసి, కొలిచి, జరిపి, మళ్లీ అంటించాను. "ఎక్కడ తీశావో నాకే తెలియట్లేదు, భేషోయ్" అన్నాడాయన. ఆ మాటకు రెండు రోజులు పొంగిపోయాను.

యుద్ధం మా ఊరు దాటిపోయేటప్పుడు కళాశాల రిజిస్టర్లు కాలిపోయాయి. నలభై ఏడులో మొదటిసారి కలిసినప్పుడు, మా తరగతి వ్యవహారాలు చూసే బార్కోత్సి వెండెల్ పటం చూసి పేర్ల పట్టిక రాసుకున్నాడు. ఇరవై ఆరు పేర్లు. అప్పటినుంచి ఐదేళ్లకోసారి అదే పట్టిక, మధ్యలో యాభై ఏడులో తప్ప; అంతకు ముందటేడే తిరుగుబాటును తుపాకులతో అణిచేశారు, ఆ ఏడు నలుగురు ఒకచోట చేరడానికి ఎవరికీ గుండె చాలలేదు. వెండెల్ పేరు పిలుస్తాడు. బతికున్నవాడు "ఉన్నాను" అంటాడు. పోయినవాడి పేరు వస్తే ఎవడో ఒకడు లేచి, వాడెలా బతికాడో, ఎలా పోయాడో నాలుగు ముక్కలు చెప్పి, "వీడి బదులు నేనున్నాను" అని కూర్చుంటాడు. యుద్ధానికి వెళ్లి దూరాన దోన్ నది దగ్గర మంచులో ఉండిపోయిన పదకొండు మందికీ అలాగే చెప్పుకున్నాం. అక్కణ్ణుంచి తిరిగొచ్చి, తర్వాతెప్పుడో పోయిన కాల్మాన్ గురించి లేచి చెప్పింది నేను. కాలివేళ్లన్నీ ఆ మంచులో వదిలేసి వచ్చాడు, ముప్పై ఏళ్లు స్టేషన్లో టికెట్లు కొట్టాడు, దాని గురించి ఒక్కసారి తప్ప పెదవి విప్పలేదు. జూలైలో కూడా నా దగ్గర రెండు జతల ఉన్ని మేజోళ్లు కొనేవాడు.

ఇలా తొమ్మిదిసార్లు జరిగింది. తొమ్మిదిసార్లూ ఆ ఇద్దరిని ఎవరూ పిలవలేదు. వాళ్లతో నాలుగేళ్లు ఒకే గదిలో కూర్చున్నవాళ్లమే అందరం. ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు. ఇప్పుడు మిగిలింది నేనూ వెండెలూ.

5. వాళ్ల గురించి లేచి చెప్పినవాళ్లు లేరు కాబట్టి ఇక్కడ దాఖలు చేస్తున్నాను.

ఫెన్యో ఆందోర్. టేబుల్ టెన్నిస్‌లో ఊరంతా కలిసినా వాణ్ణి ఓడించలేకపోయేది. ఎడమచేత్తో ఆడి మమ్మల్ని ఏడిపించేవాడు, "కుడిచెయ్యి మీ అక్కల కోసం దాచుకున్నాన్రా" అనేవాడు. యూదుల చేతికి తుపాకీ ఇవ్వకుండా సైన్యానికి చాకిరీ చేయించే వెట్టి దళంలో వేసి దోన్‌కు తీసుకెళ్లారు. మందుపాతరలున్న పొలంలో సైన్యం కన్నా ముందు వాళ్లను నడిపించారు. ఇది నాకు చెప్పింది కాల్మాన్, ఒకే ఒక్కసారి.

రోస్నర్ ఇమ్రె. రోజూ బాతుకొవ్వు వేపుడు పెట్టిన రొట్టె తెచ్చి సగం పక్కవాడికిచ్చేవాడు. చిన్న శబ్దానికి కూడా ఉలిక్కిపడే మనిషి. వాడూ వెట్టి దళమే, టైఫస్ జ్వరంతో ఒక గడ్డివాములో పోయాడు. నాకు ఒక చెవి వినపడదని పటాలంలో చేర్చుకోలేదు, అందుకని నలభై మూడు వసంతంలో వాళ్లమ్మ వచ్చినప్పుడు స్టూడియోలో నేనే ఉన్నాను. "మావాడి ఫోటో నీ దగ్గరుందట కదా బాబూ. ఇంట్లో పొట్టి లాగు వేసుకున్నవి తప్ప పెద్దయ్యాక తీసింది ఒక్కటీ లేదు" అంది. ఇచ్చాను. వెనక్కి తిప్పి గోరుతో గీకింది. "జిగురుందే, పటంలోంచి తీసిందా?" అని అడిగింది. "లేదమ్మా, ఇది విడి కాపీ" అన్నాను. నమ్మినట్టు తల ఊపి, చేతిసంచిలో పెట్టుకుంది. మరుసటి ఏడు జూన్‌లో ఊళ్లోని యూదులందరినీ ఇటుకబట్టీ దగ్గర పోగేసి, చావు శిబిరానికి రైలెక్కించినప్పుడు ఆ సంచి ఆమె చేతిలోనే ఉంది. చూసినవాళ్లు చెప్పారు.

6. షరతు: పటం కింది రెండు వరుసలూ ఊడదీసి మళ్లీ అంటించాలి. ఆందోర్ ఫోటో ముత్యపు గుండీల సొరుగులో కవరులో ఉంది. ఇమ్రె ఫోటో లోకంలో ఎక్కడా లేదు. వాడి చోట ఖాళీ వదిలి కింద పేరు రాయాలి. పువ్వు బొమ్మ, కొవ్వొత్తి బొమ్మ లాంటివేవీ పెట్టకూడదు. ఆ రోజు ఇరవై ఎనిమిది పేర్లు పిలవాలి. కళాశాల ఒప్పుకోకపోతే పటం ఎతెల్కాకే చెందుతుంది. ఆమె దాన్ని అలాగే సరిచేసి కొట్టు అద్దంలో, బజారు వైపుకు తగిలించాలి.

7. ఈ సంగతి పోయిన నెలలోనే వెండెల్‌కు చెప్పాను. "ఒరేయ్ బెర్తలాన్, యాభై ఐదేళ్లు ఊరుకుని ఇప్పుడా? పోయేముందు పుణ్యం బేరమాడుతున్నావురా? నాకు పటంలో ఉన్నవాళ్లే తెలుసు" అన్నాడు. ఇమ్రె రొట్టెలో సగం తిన్న పక్కవాడు వెండెలే. ఇవాళ పదింటికి సాక్షిగా రమ్మన్నాను. వచ్చాడు. కళ్లజోడు పెట్టుకుని ఇక్కడిదాకా చదివాడు. కలం బల్ల మీద పెట్టి, "నన్ను ఇందులోకి లాగకురా" అని టోపీ తీసుకుని వెళ్లిపోయాడు. నాకు కోపం రాలేదు. మెట్లు దిగడానికి వాడికి ఎంతసేపు పట్టిందో విన్నాను.

8. సాక్షి సంతకం పెట్టినవాడికి ఆస్తి రాస్తే చెల్లదట. వెండెల్ సంతకం పెట్టలేదు కాబట్టి ఇప్పుడు వాడికి రాసివ్వొచ్చు. నా బొచ్చు కాలరు కోటు వాడిది. జేబుల్లో దగ్గుబిళ్లలుంటాయి, పారెయ్యకు.

ఇంకొకటి కూడా వాడికే. జూన్ ఏడున నా పేరు వస్తే, లేచి నా గురించి చెప్పడానికి వాడు తప్ప ఎవరూ మిగల్లేదు. మంచివాడు, గుండీల కొట్టువాడు, నవ్వించేవాడు అని చెప్పొద్దు. ఇద్దరిని ఊడదీశాడు, సందు కనపడకుండా జరిపాడు, ఒక తల్లికి అబద్ధం చెప్పాడు అని చెప్పి, "వీడి బదులు నేనున్నాను" అనాలి. అది నోటికి రాకపోతే నా పేరు పిలవొద్దు. నా ముఖం కూడా పటంలోంచి తీసెయ్యండి. పక్కవాళ్లను మాత్రం దగ్గరికి జరపొద్దు.

1997 ఏప్రిల్ 14, సోమవారం, మా కొట్టు పై గదిలో.

(సంతకం) సల్కాయి బెర్తలాన్

పై వ్యక్తి మా ఇద్దరి ఎదుట, తెలివిలో ఉండి, తన చేత్తో సంతకం చేశాడు. ఐదో అంశంలోని ఆ ఇద్దరినీ మేము ఎరగం, పేర్లు చదివాం.

సాక్షులు:
హోర్కాయ్ లిపోత్, సోఫాలు, పరుపులు కుట్టేవాడు, పక్క కొట్టు
దుదాష్ మాల్వినా, పోస్టాఫీసు ఉద్యోగి