గట్టిపడని సబ్బు

మార్చి 3, సోమవారం

సబ్బు గట్టిపడలేదు. అచ్చుల్లో వేలు పెడితే వేలు దిగిపోతోంది. పైన నూనె తేలుతోంది. అన్నయ్య షెడ్డులోకి తొంగిచూసి, జావ బాగా కాచావే అన్నాడు.

నాన్న ఈ షెడ్డు మా ఇద్దరికీ ఇచ్చాడు. అయినా ఈసారి సరుకు చెడితే ఖాళీ చేస్తానని పోయిన నెల నేనే నోరు జారాను. అన్నయ్య కొత్త కారు కొన్నాడు. అది ఎండలో నిలబడితే తన ప్రాణం ఉసూరుమంటుంది. ఆదివారం కారు లోపల పెడతాడట. పెట్టనివ్వను.

మార్చి 4, ఉదయం

నూనెలో కలిపిన కాస్టిక్ తాలూకు ఖాళీ సంచి తిరగేశాను. బిళ్ళ సబ్బుకి వేసే కాస్టిక్ సోడా కాదు, కాస్టిక్ పొటాష్! రెండూ తెల్లటి పలుకులే. షాపువాడు ఇచ్చాడు, నేను తెచ్చుకున్నాను. గ్లవ్స్ తొడుక్కున్నాను, కళ్ళజోడు పెట్టుకున్నాను, పలుకుల మీద నీళ్ళు పోస్తే ఎగిరి మొహాన పడుతుందని నీళ్ళలోనే పలుకులు వేశాను. అన్నీ చేశాను, లేబుల్ ఒక్కటి చదవలేదు.

ఏడుపు రావాలి. నవ్వొచ్చింది. పొటాష్ సబ్బు బిళ్ళ కట్టదు, మెత్తగానే ఉంటుంది. దాని గుణమే అంత. నూనె ఎందుకు తేలిందో కూడా తెలిసింది. సోడా వేసే తూకంలోనే పొటాష్ వేస్తే బలం చాలక నూనె మిగిలిపోతుంది, ఇది ఎక్కువ పడుతుంది. తక్కువైంది లెక్క కట్టి కలిపి, ఉడికిస్తే సరి.

పారబోయడమా? నా మొహం!

సాయంత్రం

నాకున్న పెద్ద గిన్నె అల్యూమినియంది. కాస్టిక్ దాన్ని బుసబుసమంటూ తినేస్తుంది. వదిన దగ్గర పెద్ద స్టీలు గిన్నె ఉంది. అన్నయ్య పెళ్ళాం కదా, ఎలా అడగడమని కాసేపు గింజుకున్నాను. అడిగేశాను. తీసుకుపో, మళ్ళీ వంటింట్లోకి తేవద్దు, మీ అన్నయ్యకి చెప్పద్దు అంది. వదిన నాకు చెప్పిన మొదటి రహస్యం ఇదే.

మార్చి 5

ఉడుకుతోంది. కలిపి కలిపి భుజం పడిపోయింది. చల్లార్చిన చుక్క నాలుక కొసకి తాకించాను. చురుక్కుమంది. కాస్టిక్ ఇంకా మిగిలే ఉంది. ఇదేం పాడు పరీక్షని వదిన తిట్టింది. నాలుక నాది, సబ్బు నాది.

మార్చి 6

చురుకు లేదు! ఉత్త సబ్బు వెగటు. నూనె చుక్క కనబడితే ఒట్టు. తేనెరంగు ముద్ద, నీళ్ళలో వేస్తే ఒకటే నురగ.

వీధి చివరి మెకానిక్‌కి ఒక డబ్బా ఇచ్చాను. మోచేతుల దాకా గ్రీజు. కడుక్కుని చేతులు తిప్పి తిప్పి చూసుకున్నాడు. తన రంగు ఇదని ఇంట్లో చెప్పినా నమ్మరట. ఇంకో డబ్బా తెమ్మన్నాడు. ఇంత సంతోషం ఈ మధ్య ఎరగను.

మార్చి 8

గొడవ. బిళ్ళ కట్టనిది సబ్బే కాదన్నాడు అన్నయ్య. మాటంటే మాటే, రేపు పొద్దున్నే కారు లోపల పెడతానన్నాడు. చెడితే ఇస్తానన్నాను, చెడిందేమో నువ్వే చూడు అన్నాను. చెంచాతో తీసి, తన కళ్ళముందే నాలుకకి రాసుకున్నాను. నీ వంతు అని చెంచా చాపాను. అడుగు వెనక్కి వేశాడు. అంత మనిషీ!

పక్కనుంచి వదిన చెంచా అందుకుంది. నాలుక కొసన పెట్టుకుంది. మొహం వికారంగా పెట్టి, చురుక్కుమనలేదండీ, ఇది సబ్బే అంది. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

అన్నయ్య ఒప్పుకోలేదు. రేపు వస్తానని వెళ్ళాడు. రానీ.

మార్చి 9, ఆదివారం

అన్నయ్య కారు తెచ్చేలోపే షెడ్డుకి కొత్త తాళం వేశాను. ఒక తాళంచెవి నాది. రెండోది వదినది.