వియ్యపురాలి శాలువా, నా నూనె సీసా

విశాఖపట్నం,
శుక్రవారం పొద్దున.

చెల్లెలు కరుణమ్మకి అక్క మార్తమ్మ వందనాలు చెప్పి రాసేది. ప్రభువు దయవల్ల ఈడ మేమందరం తింటా, తిరుగుతా, ఒకళ్ళనొకళ్ళు అనుకుంటా బాగానే ఉన్నాం. గురజాలలో మీరూ అట్టాగే ఉన్నారని తలుస్తన్నా. మరిదికి దగ్గు తగ్గిందా? నీ కంటికి పొర వచ్చిందని రాశావు, నరసరావుపేట పోయి చూపించుకున్నావా, ఇంకా రేపూ మాపూ అంటన్నావా? గేదె ఈనిందా? మొన్న వారం నీ ఉత్తరం రాకపోయేతలికి నాకు ఏవేవో పాడు తలపులు వచ్చినయ్. ఏం లేకపోయినా ఏం లేదని ఒక ముక్క రాయి. ఇన్‌లాండు కాగితం చాలదని మనవరాలి నోటుపుస్తకంలో కాగితాలు చించి రాస్తన్నా. దానికి చెప్పలా. తెలిస్తే ఇల్లు ఎగరగొట్టిద్ది.

నా గురించి బెంగ పెట్టుకోమాక. ఈడ ఎండ మన ఎండ కాదు. మన దగ్గర ఎండ కాలిస్తే కాలిద్ది, నీడకి పోతే వదిలిపెట్టిద్ది. ఈడ నీడలో కూడా వెంటబడి ఒళ్ళంతా జిడ్డు కారిద్ది. ఉతికిన చీర రెండు రోజులకి గానీ ఆరదు. జొన్నరొట్టె చేస్తే నేనొక్కదాన్నే తినాల. పొద్దున చేప, మాపు చేప. అయినా బాగానే ఉన్నా, బెంగ పెట్టుకోమాక.

మీ బావ పోయినాక దావీదు నన్ను ఈడికి తీసుకొచ్చి ఏడాది దాటింది. వాడి పని ఏందని పోయినసారి అడిగావు. హార్బరు దగ్గర ఆసుపత్రిలో ఒక ఇనప పీపా ఉంది. మన మిషను ఆసుపత్రి మీద నీళ్ళ ట్యాంకు ఉండేది చూడు, దాన్ని పక్కకి పడుకోబెట్టి చిన్న గాజు కిటికీలు పెట్టినట్టు ఉంటది. సముద్రంలో లోతుకి దిగి పనిచేసేవాళ్ళు గబగబా పైకొస్తే వాళ్ళ నెత్తుట్లో గాలి బుడగలు లేస్తయ్యంట, గోలీసోడా కొట్టినప్పుడు లేస్తయ్యే, అట్టా. కీళ్ళు పీకుతయ్, కాళ్ళు పడిపోతయ్. వాళ్ళని పీపాలో పెట్టి తలుపు బిగించి, లోపల గాలి ఒత్తిడి పెంచి, మళ్ళీ గంటలకొద్దీ నిదానంగా తగ్గిస్తారు. ఆ మరలు తిప్పేది మన దావీదే. డాక్టరు చెబుతాడు, వీడు తిప్పుతాడు.

ఈ వైద్యం చేసే డాక్టర్లు మన తూర్పు సముద్రం పొడుగునా ఊరికి ఒకళ్ళో ఇద్దరో ఉన్నారంట. వాళ్ళందరూ కలిసి ఒక సంఘం పెట్టుకున్నారు. మూడు నెలలకొకసారి ఈడ కూడతారు. ఎవరి దగ్గరికి ఎట్టాంటి రోగి వచ్చాడు, ఏం చేశాం, ఏం తప్పు చేశాం అని ఒకళ్ళకొకళ్ళు చెప్పుకుంటారు. వాళ్ళ కాగితాలు రాసేది, కవర్లు అంటించేది దావీదు. ఆ సంఘం పెట్టె నా మంచం కిందే పెట్టాడు. నా పెట్టె వంటింట్లోకి పోయింది. ఆదివారం నాతో గుడికొచ్చేవాడు కాస్తా ఆ పెట్టె ముందేసుకొని కూకుంటన్నాడు. సరే, పని. దానికి నేనేమీ అనలా.

నేను అనేది ఎస్తేరమ్మ సంగతి. కోడలి తల్లి, ఇంకెవరు. భీమిలి నించి నెల రోజులుండి పోతానని వచ్చింది, ఏడు నెలలైంది. పొద్దున తొలి కాఫీ ఆయమ్మకి, నాకు రెండో గ్లాసు. మనవరాలు పక్కేసుకునేది ఆయమ్మ దగ్గర. నేను కథ చెబితే, “అదట్టా కాదు జేజీ, ఆ అమ్మమ్మ వేరేగా చెప్పింది” అంటది. దావీదు ఇంటికొచ్చి “అత్తయ్యా, తిన్నారా?” అని అడిగి, ఆ తర్వాత నన్ను చూసి “అమ్మా, నువ్వూ తిన్నావా?” అంటాడు. ఆ “నువ్వూ”లో నేను ఏడ ఉన్నానో నీకు తెలిసిద్ది.

ఆయమ్మ మొగుడు ఆ కాలంలో హార్బరులో మునిగిన ఇనుము పైకి తీసే పని చేసేవాడంట. ఆఖరిదాకా కుంటుకుంటానే బతికి పోయాడు పాపం. ఆ సంగతి దావీదు ఆ సంఘం పెద్ద డాక్టరుగారికి చెప్పాడు. చెబితే ఏం చేశారనుకున్నావు? ఈవిడని మీటింగుకి పిలిచి ముందు కుర్చీలో కూకోబెట్టారు. “అప్పట్లో మోకాళ్ళు పీకితే మా ఆయన మళ్ళీ నీళ్ళల్లోకి దిగిపోయేవోడు బాబూ. దిగితే పోయేది. పైకొస్తే వచ్చీసేది” అందంట. డాక్టర్లందరూ పెన్నులు తీసి రాసుకున్నారు. ఆఖర్న శాలువా కప్పారు. ఎర్ర అంచు, జరీ పువ్వులు.

నాకు మోకాళ్ళు పీకవా కరుణా? ముప్పై ఏళ్ళు మిరపచేలల్లో వంగి కాయ కోసిన మోకాళ్ళు. ఎవడన్నా పెన్ను తీశాడా? ఆ శాలువా మడిచి దిండు పక్కన పెట్టుకొని పడుకుంటది. ఎవరన్నా ఇంటికొస్తే చలి లేకపోయినా కప్పుకుంటది. ఈ ఊళ్ళో చలి ఎక్కడిది!

ఇప్పుడు అసలు సంగతి రాస్తా. చదివి నన్ను తిట్టమాక. తిట్టినా సరే, మరిదికి చదివి వినిపించమాక.

నెల కిందట ఒక రోజు పదకొండు గంటలప్పుడు మోషే వచ్చాడు. ఎస్తేరమ్మ పెద్ద కొడుకు, నలభై ఏళ్ళ మనిషి. ఓడల అడుగున పట్టిన నాచూ గుల్లా గీకే పని వాడిది. భుజం పట్టుకొని వచ్చాడు. ఆయమ్మ చూడంగానే, “ఇది నీళ్ళ నొప్పిరా. ఆసుపత్రికి నడు” అంది. వాడు, “బరువెత్తినానమ్మా, అంతే. ఊరికే గాభరా పడిపోకు” అన్నాడు. ఆ రోజు దావీదు డ్యూటీలో లేడు, ఆ సంఘం ఆహ్వానాలు అచ్చేయించటానికి ప్రెస్సుకి పోయాడు. ఎస్తేరమ్మ చెప్పులు కూడా వేసుకోకుండా గేటు దగ్గర కొట్టుకి ఫోను చెయ్యటానికి పోయింది.

పోయేటప్పుడు, “వొదినా, ఈడిని కదలనియ్యకు” అంది. నాకు చెప్పిద్దా, నా ఇంట్లో! నొప్పులంటే ఆయమ్మకే తెలుసా? నువ్వు వావిలాకేసి కాచి కర్పూరం కలిపి ఇచ్చిన నూనె సీసా ఉందిగా. వెచ్చజేసి భుజానికి దట్టంగా పట్టించా. వీపుకి పట్టించా. అరచేతెడు నెత్తిన కూడా పోసి అణిచా. వాడు కళ్ళు మూసుకొని, “అత్తమ్మా, నీ చెయ్యి పడితే సగం పోయింది” అన్నాడు. ఆ మాటకి నాకు ఎంత సంబరమైందో ప్రభువుకి తెలుసు. అన్నం పెట్టా. చాప వేసి పడుకోబెట్టా.

ఫోను చేస్తే ఆసుపత్రివాళ్ళు జీపు పంపారు, ఎస్తేరమ్మ దాంట్లో తిరిగొచ్చింది. నేను గుమ్మంలో అడ్డం నిలబడి, “తగ్గింది. పడుకున్నాడు, లేపమాక” అన్నా.

“తగ్గడవేటి వొదినా? తగ్గినట్టుంటాది. నాకు తెల్దా?”

“అన్నీ నీకే తెలుసమ్మా! శాలువా కప్పారుగా!”

నోరు జారలా కరుణా, కావాలనే అన్నా. ఆయమ్మ మొహం చిన్నబోయింది. లోపల్నించి మోషే, “బాగానే ఉందమ్మా, జీపు పంపీ” అని కేకేశాడు. డ్రైవరు నన్ను చూశాడు. “పో నాయనా” అన్నా. పోయాడు.

మధ్యాన్నం రెండు గంటలప్పుడు మోషే లేవబోయి పడ్డాడు. ఎడమ కాలు తనది కాదన్నట్టు ఈడ్చుకుపోతంది. గిల్లితే తెలియలా. రిక్షాలో వేసుకొని ఇద్దరం ఆసుపత్రికి పోయాం. దోవంతా ఎస్తేరమ్మ కొడుకు కాలు ఒళ్ళో పెట్టుకొని కూకుంది. నన్ను నాలుగు తిట్టినా బాగుండేది.

దావీదు అప్పటికి వచ్చి ఉన్నాడు. మోషేని పీపా దాకా తెచ్చి ఆగిపోయాడు, కర్పూరం వాసన తగిలింది. ఆ పీపాలో ప్రాణవాయువు పట్టిస్తారు, నూనె జిడ్డు ఉంటే నిప్పంటుకునే ప్రమాదమంట. అందుకని లోపలికి పోయేవాళ్ళు నెత్తికి నూనె కూడా రాసుకోకూడదు. ఆ సంగతి నేను ఇంట్లో వందసార్లు విన్నా. పీపా దగ్గర వద్దంటే పీపా దగ్గరే వద్దనుకున్నా గానీ, ఇంట్లో రాసింది ఆడికి పోయిద్దని నాకు తట్టలా.

“ఎవరు రాశారిది?” అని దావీదు అరిచాడు. వాడు అట్టా అరవటం నేనెప్పుడూ వినలా.

“నానే రాసాను బాబూ” అంది ఎస్తేరమ్మ.

నేను నోరు తెరవలా. కత్తెర తెచ్చి మోషే జుట్టంతా కత్తిరించారు. వేణ్ణీళ్ళు, సబ్బు పెట్టి ఎస్తేరమ్మే వాడి వీపు తోమింది. నువ్వు కాచే నూనె అంత తేలిగ్గా వదులుద్దా? ఒకసారి తోమినా జారుతానే ఉంది, మళ్ళీ తోమింది. అరగంట పట్టింది. నేను మూల నిలబడి చూస్తన్నా. తర్వాత తలుపు బిగించారు. గాజు కిటికీలోంచి వాడి గుండు మాత్రం కనపడతంది. పొద్దుగూకేదాకా దావీదు మరలు తిప్పుతా ఉన్నాడు, నేను ప్రార్థన చేస్తా ఉన్నా. కాలు బాగుపడాలని చేశా. నా పేరు బయటికి రాకూడదని కూడా చేశా. రెండూ ఒకే నోటితో చేశా.

మళ్ళీ రెండు రోజులు పెట్టారు. ఇప్పుడు నడుస్తన్నాడు, కాస్త లాగుతంది. నిదానంగా అదీ పోయిద్దని డాక్టరు చెప్పాడు, బెంగ పెట్టుకోమాక. కానీ ఇంట్లో దావీదు అత్తగారితో మునుపటిలా లేడు. వచ్చి ముందు నన్నే, “అమ్మా, తిన్నావా?” అని అడుగుతన్నాడు. తొలి కాఫీ నాకొస్తంది. ఏడు నెలలు ఏది కోరుకున్నానో అదే వచ్చింది కరుణా. ఆ కాఫీ తాగకుండా తూములో పారబోశా.

పోయిన శనివారం సంఘం మీటింగు. మోషే సంగతి అందరి ముందు చెప్పాలని దావీదుకి పురమాయించారు. ఎస్తేరమ్మని కూడా రమ్మన్నారు. శాలువా కప్పుకొని బయల్దేరింది. నేనూ పోయా. ఎందుకు పోయావంటే, మళ్ళీ ఏం కప్పుతారో చూద్దామని. నిజం రాస్తన్నా.

దావీదు లేచి అంతా చెప్పాడు, ఎన్ని గంటలకి వచ్చాడు, ఎంతసేపు ఆలస్యమైంది, నూనె వల్ల ఇంకెంతసేపు పోయింది. పెద్ద డాక్టరుగారు తెల్లజుట్టు ఆయన, మెత్తని మనిషి. ఎస్తేరమ్మ వైపు తిరిగి, “అమ్మా, మాకే పాఠం చెప్పినదానివి. నీకే ఇంత తెలిసి, ఇట్లా ఎందుకు చేశావమ్మా?” అన్నాడు.

ఆయమ్మ భుజం మీదనించి శాలువా తీసి, నిదానంగా మడిచి, ఒళ్ళో పెట్టుకుంది.

వాళ్ళ ముందు ఆయమ్మ పలచన కావాలని ఎన్నాళ్ళనించో ఎదురుచూశా. అయింది. క్షణం బాగానే ఉంది కూడా. కానీ ఆ మడత చూశాక కూకోలేకపోయా. లేచి నిలబడ్డా.

“అయ్యా, ఆయమ్మ రాయలా. నేను రాశా. జీపు ఎనక్కి పంపింది కూడా నేనే. నేను దావీదు తల్లిని.”

అంతమంది చదువుకున్నోళ్ళు నా వైపు తిరిగారు. దావీదు చేతిలో కాగితం కిందపడింది. చెమటకి నా రవిక ఒంటికి అంటుకుపోయింది.

పెద్ద డాక్టరుగారు కోప్పడలా. “ఎందుకు రాశారమ్మా?” అన్నాడు.

“మా పల్నాట్లో నొప్పంటే నూనె రాయని ఇల్లు లేదయ్యా” అన్నా. ఇంకా లోపల ఉన్నది కూడా వచ్చేసింది: “ఆయమ్మకి తెలిసింది నాకు తెలియదంటే ఓర్చుకోలేకపోయా.”

ఎవరూ నవ్వలా. “మేమేం చెప్పి ఉంటే మీరు రాయకుండా ఉండేవారు?” అని అడిగాడాయన. నన్ను! నేను ఆలోచించి చెప్పా: “పీపాలోకి నూనె రాకూడదన్నారు గానీ ఇంటికాడ రాయమాకండని ఎవరు చెప్పారు? తగ్గినట్టుంటే తగ్గలేదని ఎవరు చెప్పారు? మగోడికి చెబితే ఇంట్లో చెబుతాడా? మాకు చెప్పాల, ఇంట్లో ఆడోళ్ళకి.”

పెన్నులు తీశారు కరుణా. అందరూ తీశారు. నా కళ్ళతో చూశా.

తిరిగొచ్చేటప్పుడు రోడ్డు దాటేకాడ దావీదు నా చెయ్యి పట్టుకున్నాడు. రెండో చేత్తో ఆయమ్మ చెయ్యి పట్టుకున్నాడనుకో. “అమ్మా, ఆ రోజే ఎందుకు చెప్పలా?” అన్నాడు. “నీ మొహం చూసి భయమేసింది” అన్నా. వాడు నా చెయ్యి మాత్రం వదల్లా.

ఇంటికొచ్చాక ఎస్తేరమ్మని నిలదీశా. “నువ్వెందుకు మీదేసుకున్నావ్?”

“నీ కొడుకు ముందర నీ మొకం అలగయిపోనాది వొదినా, సూడలేకపోనాను. అయినా నువ్వు నా గుంటడిని కొట్టలేదు కదా. రాసినావు.”

చూశావా? మంచితనంలో కూడా ఆయమ్మే ముందు. ఆ రాత్రి తలుచుకుంటే ఒళ్ళు మండింది. ఏడుపూ వచ్చింది.

నిన్న సంఘంవాళ్ళు తెలుగులో ఒక కాగితం అచ్చేయించి హార్బరు గేటు దగ్గర అంటించారు, మునిగే పని చేసేవాళ్ళ ఇళ్ళకీ పంచుతున్నారు. పైన మొదటి మాట ఇదీ: “నీళ్ళలోనించి వచ్చిన మనిషి నొప్పి అంటే ఇంట్లో నూనె రాయవద్దు, పడుకోబెట్టవద్దు, తగ్గింది అన్నా ఆగవద్దు.” నా మాట. పేరు వెయ్యలా, వెయ్యకపోవటమే మేలు. ఒకటి నీకు దీంతోపాటు పంపుతన్నా, జాగ్రత్తగా దాచు. ఎస్తేరమ్మ చదివించుకొని, “నాకు గుడ్డ కప్పారు, నీకు గోడంతా ఇచ్చారు వొదినా” అంది. అంటే అంది గానీ, గోడని దిండు పక్కన పెట్టుకొని పడుకోలేం గదా.

సరే, కాగితం అయిపోతంది. పెద్దమామకి, పాస్టరుగారికి వందనాలు చెప్పు. పిల్లల్ని నా బదులు నువ్వు దగ్గరికి తీసుకొని ముద్దు పెట్టు. నీ కంటి సంగతి మర్చిపోమాక. నా మనసు కుదుటపడాలని ప్రార్థన చెయ్యి, కుళ్ళు పోవాలని కూడా చెయ్యి, కాస్త గట్టిగా చెయ్యి.

ఒక పని చెబుతన్నా. మన వైపునించి ఎవరన్నా ఇటు వస్తే వావిలాకు నూనె రెండు సీసాలు పంపు. మోషేకి రాయనులే, ఒట్టు. ఒకటి నా మోకాళ్ళకి, ఒకటి ఎస్తేరమ్మ మోకాళ్ళకి. ఆయమ్మకీ పీకుతయ్యంట, ఇన్నాళ్ళూ చెప్పలా. నాకిచ్చే సీసా మాత్రం కాస్త పెద్దది చూసి పంపు.

నిన్ను తలుచుకుంటా ఉండే మీ అక్క,
మార్తమ్మ.