తెల్లకోటు చెప్పిన మాట

ఏమండీ,

మీరు పోయి ఇవాళ్టికి ఏడాది. మీ కాలేజీ సైకాలజీ మేడమ్ బెంగళూరు మారతహళ్ళి ట్రాఫిక్‌లో పడి వచ్చి, మీ తెల్లకోటు ఇచ్చి వెళ్లింది.

అధికారంలో ఉన్నవాళ్లు చెబితే మనుషులు ఎంతవరకు వింటారో చూడాలని, అప్పట్లో ఆమె అటెండరైన మీకు ఆ కోటు తొడిగి, విద్యార్థులకు డాక్టరని చెప్పింది కదా. మంచినీళ్లు అడగడానికే మొహమాటపడే మీకా ఆ వేషమని నేను నవ్వాను. విద్యార్థులు ఆవాలూ జీలకర్రా వేరుచేయాలి; మీరు కలిపేసి మళ్లీ చేయమనాలి. ఎందుకని ఒక్కరూ అడగలేదు. మూడోసారి మీకే మనసొప్పలేదు. "చాలప్పా, కండ్లు నొస్తాయి. లేసి పోయి అన్నం తినండి" అన్నారు. పరిశోధన పాడైందని మేడమ్ కోప్పడితే, దిగులుగా ఇంటికొచ్చారు.

"ఆ మాట కూడా అందరూ విన్నారమ్మా. ఏటా క్లాసులో అదే చెప్తా ఉండాను" అంది ఇవాళ మేడమ్.

ఆమె వెళ్లాక కంచం ముందు చాలాసేపు కూర్చున్నాను. ముద్ద దిగలేదు. చివరికి మీ కోటు తొడుక్కుని అద్దం ముందు నిలబడి, "చాలమ్మా, పోయి అన్నం తిను" అన్నాను.

తిన్నానండీ.