పనయ్యాకే బొమ్మలు

అమ్మాయికి,

అత్త దీవించి రాస్తున్న ఉత్తరం. ఇక్కడ అందరం బాగున్నాం. ఆ పరాయి దేశంలో నువ్వు కూడా వేళకి తిని, ఆసుపత్రి డ్యూటీ దిగగానే పడుకుంటున్నావని తలుస్తాను. తలవడమే కానీ నమ్మకం లేదనుకో. కిందటి ఆదివారం ఫోనులో నీ కళ్ళ కింద నలుపు చూశాను. లైటు సరిగ్గా పడలేదత్తయ్యా అన్నావు. ఇన్నేళ్ళు కుట్టు ఫ్యాక్టరీలో సూపర్‌వైజరుగా చేసినదాన్ని, లైటు నీడకీ నిద్రలేని మొహానికీ తేడా తెలియదా నాకు?

ఫోనులో చూసుకుంటూనే ఉన్నాం కదా, మళ్ళీ ఈ ఉత్తరమేమిటని నువ్వు అనుకుంటావు. ఉన్నవి రెండు గదులు. ఫోను తీస్తే చాలు, చుట్టూ చెవులే. నేను రాయబోయేది పిల్లలు వినకూడనిది. పైగా నీ మొహం చూస్తూ చెప్పడం నావల్ల కాదు.

ముందు నువ్వు అడిగినవాటికి జవాబులు. మీ ఆయన నడుం నొప్పి తగ్గింది. ఫ్రిజ్‌లు ఒక్కడివే మోయకురా అని మొత్తుకుంటే వినేవాడు కాదు. ఇప్పుడు పక్క షాపు వెల్డరు ఒక చెయ్యి వేస్తున్నాడు. మీ ఆయన ఊరందరి ఫ్రిజ్‌లూ బాగుచేస్తాడు, మన ఫ్రిజ్ తలుపు మాత్రం ఇప్పటికీ తాడుతో కట్టే ఉంది. పెద్దదానికి ముందు పళ్ళు రెండూ వచ్చేశాయి. ఇక నవ్వేటప్పుడు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకోవడం లేదు. నీ పోలికే వస్తోంది, మాటలో కూడా. నాకు ఎదురు చెప్పాలంటే ముందు నీళ్ళు తాగి మరీ మొదలుపెడుతుంది.

పనులు చేస్తున్నారా, ఫోనుకి అతుక్కుపోతున్నారా అని అడిగావు. ఆ బెంగ వద్దు. నువ్వు పెట్టి వెళ్ళిన పద్ధతి పెట్టినట్టే ఉంది. దుప్పటి మడత పెట్టాలి, తిన్న కంచం కడగాలి, చెప్పులు జతగా సర్దాలి, పెద్దదైతే ఒక పాఠం చదవాలి. పనయ్యాకే ఫోనులో బొమ్మలు, అదీ అరగంటే. ఎంత ఏడ్చినా గోల చేసినా నేను మెత్తబడలేదు. మొక్కై వంగనిది మానై వంగుతుందా? ఫ్యాక్టరీలో చేతిలో పీసు పూర్తికానిదే ఎవర్నీ టీకి లేవనివ్వలేదు నేను. ఇక మన బుడ్డదాని మడత చూస్తే నవ్వలేక చస్తావు. దుప్పటిని ఉండ చుట్టేసి, దాంట్లో సగం తనే ఇరుక్కుని, "మడతైంది నానమ్మా" అని లోపలినుంచి కేకేస్తుంది.

అది ఆదివారాలు ఫోను దగ్గరికి ఎందుకు రావడం లేదని నువ్వు మళ్ళీ మళ్ళీ అడుగుతున్నావు. నిద్రపోతోందని చెబుతూ వచ్చాను. పెద్దది కూడా అదే చెప్పింది. అబద్ధం అమ్మాయ్. అది నిద్రపోలేదు. తలుపు వెనక నిలబడి ఉంది. నువ్వు దాని పేరు పెట్టి పిలిచినప్పుడల్లా దాని కాళ్ళు నాకు కనబడుతూనే ఉన్నాయి.

పిల్లదాని తప్పేమీ లేదు. తప్పంతా నా లెక్కలో ఉంది. అరగంట అన్నాక అరగంటే కదా అని, నీతో మాట్లాడిన సేపు కూడా అందులోనే వేశాను. తెర అన్నాక ఏదైనా తెరే అనుకున్నాను. నువ్వు వెళ్ళేటప్పటికి అది ఇంకా గోడ పట్టుకుని నడుస్తోంది. నీ ఒళ్ళు దానికి గుర్తులేదు. దానికి తెలిసిన అమ్మ, పనయ్యాక తెర మీద వచ్చే అమ్మ. ఏనుగు వస్తుంది, కుందేలు వస్తుంది, అమ్మ కూడా వస్తుంది. అమ్మ వచ్చిన రోజు ఏనుగు రాదు.

"అమ్మ ఫోను చేస్తోంది, రావే" అని ఒక ఆదివారం పిలిస్తే, "అమ్మ బొమ్మ వద్దు. ఏనుగు బొమ్మ పెట్టు" అంది. పెద్దది పకపకా నవ్వింది. నా మొహం చూసి ఆపేసింది.

"అమ్మ బొమ్మ కాదే పిచ్చీ, అమ్మ!" అంది చెల్లెలితో.

"బొమ్మే. ఎత్తుకోమంటే ఎత్తుకోదు" అంది ఇది.

నేను కుళాయి తిప్పి మొహం కడుక్కుంటూ ఉండిపోయాను. పురిటి వార్డులో పొద్దస్తమానం ఎవరెవరి పసిపిల్లల్నో ఎత్తుకుని తిరిగేదానివి. నీకు ఈ మాట ఏ నోటితో చెప్పను? అందుకే నిద్ర అన్నాను. నువ్వేమో ఆ తలుపు వైపే చూస్తూ, "పోనీలెండత్తయ్యా, లేపకండి" అన్నావు.

ఇక నీ అసలు ప్రశ్న. ఇంకో రెండేళ్ళు ఉండమని ఆసుపత్రివాళ్ళు కాగితం ఇచ్చారనీ, నెలాఖరులోగా సంతకం పెట్టాలనీ, మీరెలా అంటే అలా అత్తయ్యా అనీ రాశావు. మీ ఆయన నన్నే చెప్పమన్నాడు. వాడికి నోట్లో నాలుక లేదన్న సంగతి నీకు తెలియనిదా. నీ దిండు పక్కనే వేసుకుని పడుకుంటాడు, అడిగితే మెడనొప్పి అంటాడు. నేను మాత్రం ఉండమనే రాద్దామనుకున్నాను. పిల్లలు దారిలో పడ్డారు, నేనింకా గట్టిగానే ఉన్నాను, రెండేళ్ళు ఎంతలో తిరిగొస్తాయి అని. నిన్నటి దాకా అదే మాట మీద ఉన్నాను.

నిన్న సాయంత్రం బుడ్డదాన్ని ఒళ్ళో కూర్చోబెట్టుకున్నాను. "అమ్మ బొమ్మ కాదు తల్లీ. నాలాగే మనిషి. చేతులుంటాయి. నిన్ను ఎత్తుకుంటుంది, జడ వేస్తుంది" అని చెప్పాను. నన్ను ఎగాదిగా చూసింది.

"అయితే బయటికి రమ్మను" అంది.

"వస్తుందిలే."

"ఎప్పుడు?"

పొయ్యి మీద పాలు పొంగుతున్నాయి. నోటికి అలవాటైన మాట దానంతటదే వచ్చేసింది. "ముందు నీ పని చేసుకో పో, వస్తుంది" అన్నాను.

అనేసి నేను మరిచిపోయాను. అది మరిచిపోలేదు. దుప్పటి మడిచింది. ఉండ కాదు అమ్మాయ్, అంచుకి అంచు కలిపి మడిచింది. అక్క దుప్పటి, నాన్న దుప్పటి, నా దుప్పటి కూడా. కడిగి బోర్లించిన కంచాలన్నీ మళ్ళీ దించి కడిగింది. గౌను అంతా తడిసి ముద్దయింది. గుమ్మం దగ్గర చెప్పులన్నీ జతలు చేసి, సరిపోలేదనుకుందో ఏమో, మంచం కింద దూరి నీ పాత చెప్పులు కూడా లాక్కొచ్చి వరసలో పెట్టింది. అవి ఎవరివో దానికి తెలియదు.

తర్వాత వచ్చి తడి చేత్తో నా వేలు పట్టుకుంది. ఫోను దగ్గరికి లాగుతుందనుకున్నాను. దానివైపు చూడను కూడా లేదు. వీధి తలుపు దగ్గరికి తీసుకెళ్ళింది. "పనయింది నానమ్మా. తలుపు తియ్యి" అంది.

తీశాను. పనైతే ఇస్తానన్నది ఇచ్చి తీరాలని ఇంట్లో అందరికీ చెప్పేదాన్ని నేనే కదా. మెట్ల మీద పై వాటావాళ్ళ సైకిలు తప్ప ఏమీ లేదు. అది గడప మీద నిలబడి కిందికి చూసింది, పైకి చూసింది. ఏడవలేదు. ఏడిస్తే ఎత్తుకుని ఊరుకోబెట్టేదాన్ని. వెనక్కి తిరిగి ఇల్లంతా ఒకసారి పరికించి చూసి, నన్ను అడిగింది:

"ఇంకేం పనుంది నానమ్మా?"

ఆ సంతకం పెట్టకు అమ్మాయ్. వచ్చెయ్.

ఇట్లు,
నిన్ను వెళ్ళమన్న నోటితోనే రమ్మంటున్న
నీ అత్త