నలభై ఒకటో జత చెప్పులు

అమీర్‌పేట, 7 జూన్ 1999

బిలాల్ గారికి,

మీరు మేడమీద, నేను కింద. అయినా ఉత్తరమే రాస్తున్నాను. మన అద్దె ఒప్పందం అభ్యంతరాన్ని కాగితం మీదే తెలపమంటోంది. నాలుగో షరతు: "మేడమీద కంప్యూటర్ క్లాసులో విద్యార్థులు నలభై మంది దాటితే ఒప్పందం రద్దు." మెట్లు పాతవని పెట్టిన షరతు. ఈ ఉదయం మెట్ల కింద నలభై ఒక్క జతల చెప్పులున్నాయి. నెలాఖరుకు ఖాళీ చేయండి.

ఇట్లు,
దుర్గాంబ, విశ్రాంత ప్రధానోపాధ్యాయురాలు

తా.క. తెగిన చెప్పు ఒకటి విడిగా ఉంది. లెక్కలో చేర్చలేదు.

8 జూన్

దుర్గాంబమ్మ గారికి బిలాల్ ఆదాబ్.

చెప్పులు మీ గుమ్మానికి అడ్డమొచ్చినట్టున్నయ్, మాఫ్ చేయండి. రేపటి నుంచి ఒక్క జత సుత కనపడదు. సంచుల్ల పెట్టుకొని పైకి తెచ్చుకోమన్న. ఇగ ఫికర్ వద్దు. బ్యాచ్ నడుమల ఖాళీ చేస్తే పిల్లలంత రోడ్డున పడతరు.

మీ బిలాల్

తా.క. తెగిన చెప్పు నాదే.

9 జూన్

బిలాల్ గారికి,

షరతు మనుషుల గురించి. చెప్పులు సాక్ష్యం మాత్రమే. సాక్ష్యాన్ని సంచిలో దాచడం మర్యాద కాదు. ఆ నలభై ఒకటో మనిషి పేరు నాకు రాసి, పంపించేస్తే ఒప్పందం నిలుస్తుంది. లేకపోతే లేదు.

ఇట్లు,
దుర్గాంబ

తా.క. ఈ గొడవతో మా కోడలు రత్నమాల రెండు రోజులుగా సరిగా అన్నం తినడం లేదు. పరాయివాళ్ల కోసం అంత దిగులు పడే మనిషి.

10 జూన్

అమ్మా,

పేరు చెప్పనని మాటిచ్చిన. మీ ఉత్తరం చూపిస్తే ఆమెనే రాయమన్నది. నలభై ఒకటో స్టూడెంట్ మీ కోడలే. మీరు పూజల కూసున్నప్పుడు వస్తది. 26న పంజాగుట్టల ఇంటర్వ్యూ ఉన్నది. పంపించేయమంటే పంపిస్త, కానీ ఆ మాట నా నోటితోని రాదు. మీరే చెప్పాలె.

బిలాల్

తా.క. ఆమె పోతే పిల్లల డౌట్లు ఎవరు తీరుస్తరు? నావి సుత ఆమెనే తీరుస్తది.

11 జూన్

బిలాల్ గారికి,

కోడలి దగ్గరున్న మీ క్లాసు అడ్మిషన్ ఫారం చదివాను. ఆరో షరతు: "విద్యార్థి సమయానికి వస్తే, కోర్సు పూర్తయ్యేవరకు తొలగించరాదు." బాగా రాశారు. దాని ప్రకారం ఆమెను పంపలేరు, నా షరతు ప్రకారం ఉంచుకోలేరు. నాకెందుకు చెప్పలేదని కోడల్ని అడిగాను. "మీరు కాదంటే?" అంది. అడగకుండానే నా జవాబు రాసేసుకుంది. రెండు కాగితాలూ మళ్లీ చదివాను. నాది మేడమీద ఉన్నవాళ్లనే లెక్కపెడుతుంది.

ఇట్లు,
దుర్గాంబ

తా.క. ఇక జరగవలసినవి:

1. సోమవారం నుంచి రత్నమాల మెట్లెక్కకూడదు.
2. పైన క్లాసు కాగానే మీరు కంప్యూటర్ ఒకటి మా ముందుగదిలోకి దింపి, ఆమెకు అక్కడే పాఠం చెప్పాలి.
3. 26న ఆమెతో పంజాగుట్టకు నేను వెళ్తాను. ఉద్యోగమిస్తే, వాళ్ల షరతులు నేను చదివాకే సంతకం.
4. ముందుగదిలో రెండు కుర్చీలుంటాయి. రెండో కుర్చీకి అడ్మిషన్ ఫారం ఒకటి నా పేర పంపాలి. ఆరో షరతు కొట్టేయకండి.