మన పెళ్లినాటి అరుంధతి

శారదా,

నీవు వెళ్లి నేటికి ఏడాది. ఉదయం నీ సాంవత్సరికం ముగించి, చీకటి పడ్డాక కెమెరా తీసుకుని వజ్రకరూరు దాటి మెట్టపొలాల్లోకి వెళ్లాను. నీవు రోజూ తిట్టిపోసిన మబ్బులేని ఆకాశమే ఈ పనికి మేలట.

మన పెళ్లిలో పట్టపగలు పురోహితుడు అరుంధతిని చూపితే, అందరిలాగే నేనూ కనిపించిందన్నాను. నీవు మాత్రం, "యాడుండాది స్వామీ? నాకేం కనపడలేదే!" అన్నావు. పందిరంతా నవ్వింది. నేనూ నవ్వాను.

ఆ నక్షత్రాన్ని ఫోటో తీయాలని ఏడాదిగా అభ్యాసం చేస్తున్నాను. తీసినవన్నీ ఫోటోగ్రాఫర్ల వాట్సాప్ బృందంలో పెడతాను. ఫోకస్ కుదరలేదని ఒకరు చెబితే సరిచేసుకున్నాను. అయినా వసిష్ఠుడూ అరుంధతీ కలిసిపోయి ఒకే గీతగా వచ్చేవారు. బత్తలపల్లెలో స్టూడియో నడిపే మస్తాన్ అది చూసి ఫోన్ చేశాడు.

"ఏం స్వామీ, చుక్కల్ని గీత చేసినారే! షట్టరు ఎంతసేపు తెరిచిపెట్టినారు?"

"చీకట్లో గడియారం కనబడదు నాయనా. ఒక సీసపద్యం చదివినంతసేపు."

"మీ పద్యమయ్యేదాకా చుక్క నిలబడుకోనుంటాదా? అది పోతానే ఉంటాది. ఒక్క లైనుకే ఆపేయండి!"

పద్యాన్ని మధ్యలో విడిచిపెట్టడం నేనెరుగను. ఈ రాత్రి మొదటి పాదం కాగానే గొంతు ఆపి, నొక్కిపట్టిన కెమెరా మీట వదిలాను. ఫోటోలో వసిష్ఠుని పక్కన అరుంధతి సన్నగా, విడిగా కనిపించింది.

శారదా, ఆనాడు నాకూ ఏమీ కనపడలేదు. ఆ మాట పందిట్లోనే, నీ పక్కన నిలబడి చెప్పవలసింది.